లీటరున్నర నీళ్ళ పంచాయితీ

పిట్టలు స్నానం చేసేందుకు నేను పెట్టే నీళ్ళ పళ్ళెం చూసి పొద్దున మా ఆయన అన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతోంది. "మనకే నీళ్ళకి కటకట. పిట్టల స్నానాలకి రెండు లీటర్లా? తాగడానికి ఓ గ్లాసుడు పెడితే చాలదూ?" వినడానికి న్యాయంగానే ఉంది. అప్పటికి ఊరుకున్నాను గానీ లెక్క తేల్చకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

పళ్ళెం వెడల్పు 30 సెంటీమీటర్లు. అంచు దగ్గర 1 సెంటీమీటరు లోతు, ఏటవాలుగా దిగుతూ నడుమ 4. గుణించి చూస్తే లీటరున్నర కూడా పట్టదు. కాబట్టి రెండు లీటర్లన్నది ముందే తప్పు. ఇక ఎండ మండిపోతూ వడగాలి కొట్టే రోజున తెరిచిన గిన్నెలో నీటిమట్టం 7 మిల్లీమీటర్లైనా తగ్గవచ్చు. ఈ పళ్ళెంలో అది దాదాపు అర లీటరు. అంటే మూడో వంతు నీళ్ళు సూర్యుడే తాగేస్తున్నాడు, నింద మాత్రం పిట్టల మీద!

అయినా సాయంత్రం దాకా నాకూ ఆయన మాటే సబబనిపించింది. ఇరుకు మూతి పాత్ర పెడితే తాగుతాయి, మునగవు, ఆవిరీ తక్కువ. ఇంత కరువులో స్నానం అవసరమా అని. తీరా పోయిన వేసవిలో చూసిన పిగిలిపిట్ట గుర్తొచ్చింది. ముందు అంచు మీద వాలి నాలుగు వైపులా చూసింది. ఓ గుక్క ముక్కున పట్టి, తల పైకెత్తి మింగింది. (పావురాలకీ గువ్వలకీ ఈ తల ఎత్తడం అక్కర్లేదు, ముక్కు ముంచి అలాగే పీల్చేస్తాయి.) తర్వాత ఒక్కో అడుగే వేస్తూ కాళ్ళు మునిగే దాకా దిగి, రొమ్ము నీళ్ళకి ఆనించి, తల ముంచి లేపుతూ రెక్కలు టపటపా కొట్టి వీపు మీదికి చిమ్ముకుంది. ఈకలన్నీ పాయలు పాయలుగా అతుక్కుపోయి, బరువుగా ఎగిరి దగ్గరి కొమ్మెక్కింది. అక్కడ అసలు పని మొదలు. తోక మొదట్లో ఉన్న నూనె గ్రంథిని ముక్కుతో నొక్కి, ఒక్కో ఈకనీ దువ్వుకుంటూ చాలాసేపు కూర్చుంది.

ఆ దువ్వుకోవడమే దాని బతుకు. ఈక పాయల్లో సన్నని కొక్కేలు ఉంటాయి, అవి ఒకదానికొకటి పట్టుకుని ఉంటేనే రెక్క గాలిని ఆపగలదు. వాన లేని కాలంలో దుమ్మంతా ఆ పాయల్లోనే చేరుతుంది. పైగా పక్షికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరుచుకుని రొప్పుతూ, ఒంట్లో నీటిని ఆవిరి చేసి చల్లబడాల్సిందే. ఒళ్ళు తడిస్తే ఆ మేరకి దానికి ఊరట. కనుక స్నానం ఆపించే మాట లేదు, ఆపాల్సింది ఆవిరిని. పళ్ళేన్ని మధ్యాహ్నం నీడ పడే చోటికి, గాలి నేరుగా తగలని పక్కకి జరపాలి. కొమ్మ రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి, పొద మాత్రం పళ్ళేన్ని ఆనుకుని ఉండకూడదు. తడిసిన పిట్ట చురుగ్గా ఎగరలేదు, పిల్లి పొదలో పొంచి ఉంటే తప్పించుకోలేదు.

ఇదంతా సరే. ఒళ్ళు మండించింది ఆయన చెప్పిన రెండో ఉపాయం. "గిన్నెలు కడిగిన నీళ్ళున్నాయిగా, అవి పొయ్యి. పిట్టలకేం తెలుస్తుంది?" పిట్టకి తెలియకపోవచ్చు, ఈకకి తెలుస్తుంది. మామూలు నీళ్ళు ఈక మీద బొట్లుగా నిలిచి జారిపోతాయి. సబ్బు కలిస్తే బొట్టుని పట్టి ఉంచే బిగువు పోయి, నీళ్ళు పాయల సందుల్లోంచి చర్మం దాకా దిగుతాయి. నూనె పూతా పోతుంది. దోమలు రాకుండా రెండు చుక్కల నూనె వేయమని సలహాలిచ్చేవాళ్ళు ఇంకో రకం. ఆ నూనె ఈకలకి పట్టుకుంటే ఎంత దువ్వినా వదలదు. వాడిన నీళ్ళు మళ్ళీ వాడాలనే ఉంటే పళ్ళెం నుంచి మొక్కలకి పోవాలి గానీ, వంటింటి నుంచి పళ్ళేనికి కాదు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తారు.

దోమలకి మందు రోజూ నీళ్ళు మార్చడమే. ఎండాకాలంలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, అంతలో పారబోస్తే పెరగనే పెరగవు. పాచిని గట్టి బ్రష్‌తో రుద్దితే చాలు. మొండికేస్తే తొమ్మిది వంతుల నీళ్ళకి ఒక వంతు వెనిగర్ కలిపి రుద్ది, బాగా కడగాలి. ఉబ్బిపోయి మగతగా కూర్చున్న గువ్వ కనబడిందా, పళ్ళెం తీసేయాల్సిందే. గొంతు జబ్బులు నీళ్ళలోంచి కూడా అంటుకుంటాయి.

కాకులొకటి. ఎముక ముక్కో ఎండిపోయిన రొట్టెముక్కో తెచ్చి నానబెట్టి, పళ్ళెమంతా కుళ్ళబెట్టి పోతాయి. తరిమేద్దామనుకున్నాను. కరువు వాటికీ కరువేగా. ఇంకాస్త లోతైన మట్టి మూకుడు దూరంగా వేరే పెట్టి, నడుమ గరుకు రాయి వేస్తే సరి. ఆ రాయి తేనెటీగలకీ పనికొస్తుంది, లేకపోతే మునిగి చస్తాయి.

ఇంకొకటి ఆయనకి చెప్పకుండా చేసేస్తాను. సీసా మూతకి సూదితో బెజ్జం చేసి, పళ్ళెం మీద తలకిందులుగా వేలాడదీయాలి. రెండు సెకన్లకో చుక్క పడేలా మూత సర్దితే గంటకి వంద మిల్లీలీటర్లు కూడా కాదు, పడేదీ పళ్ళెంలోకే. టప్ టప్ చప్పుడుకి నిలిచిన నీళ్ళ దగ్గరికి రాని పిట్టలు కూడా వస్తాయి. సీసా పూర్తిగా బిగుసుకుంటే చుక్క ఆగిపోతుంది, కాబట్టి పైకి తిరిగిన సీసా అడుగున గాలికి ఇంకో బెజ్జం పెట్టాలి. చిన్నాడి పాత నీళ్ళ సీసా ఒకటి అటక మీద ఉండాలి.