ఇళ్ళ తనిఖీ వెబ్‌సైటుకు స్కీమా: ఐదు ఆదివారాల పని

మా బావమరిది సివిల్ ఇంజనీరు. నెల్లూరు మినీ బైపాస్ రోడ్డులో చిన్న ఆఫీసు పెట్టుకుని, ఇల్లో ఫ్లాటో కొనబోయేవారి తరఫున వెళ్ళి, గోడల్లో చెమ్మ, టైల్సు కింద డొల్ల, వైరింగు, ఎర్తింగు, బాత్‌రూము నేల వాలు వంటివన్నీ పరీక్షించి రిపోర్టు రాసి ఇవ్వడం అతని వృత్తి. వెబ్‌సైట్లు తయారుచేయడం నాకు వృత్తి కాదు, ఆదివారం పూట సరదా. రెండేళ్ళ క్రితం అతనికి ఒక చిన్న సైటు నేనే చేసి ఇచ్చాను. సంస్థ పేరు టైపు చేస్తే ఆ సైటు వస్తుంది కాని, నెల్లూరులో ఇల్లు తనిఖీ చేసేవారు ఎవరని వెతికితే అమ్మకపు ప్రకటనలే వచ్చేవి. "పేరు తెలిసినవాళ్ళకు ఫోన్ నంబరు కూడా తెలుసు బావా, తెలియనివాళ్ళకు కదా సైటు కావలసింది" అని అతను అన్న మాటతో, సైటుకు స్ట్రక్చర్డ్ డేటా చేర్చే ఈ పని మొదలైంది.

స్ట్రక్చర్డ్ డేటా అంటే పేజీలో మనుషులు చదివే సమాచారాన్నే యంత్రం పొరబడకుండా చదువుకునే తీరులో మళ్ళీ రాసిపెట్టడం. అందుకు వాడే స్కీమా డాట్ ఆర్గ్ పదజాలాన్ని గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011 జూన్‌లో తెచ్చాయి. అదే ఏడాది రష్యా సెర్చ్ ఇంజన్ యాండెక్స్ కూడా చేరింది. దానిని పేజీలో చేర్చడానికి మైక్రోడేటా, ఆర్‌డీఎఫ్‌ఏ, జేసన్ ఎల్‌డీ అనే మూడు పద్ధతులున్నాయి. గూగుల్ సిఫారసు చేసేది మూడోదాన్నే. అది పేజీ రూపాన్ని కదిలించకుండా ఒక స్క్రిప్టు ముక్కగా విడిగా ఉండిపోతుంది కనుక నేనూ దానినే తీసుకున్నాను. పనికి ముందే అతనికి ఒక సంగతి స్పష్టం చేశాను: ఈ కోడు రాసినంత మాత్రాన సైటు పైకి ఎక్కదు, కోడులో ఒక్క తప్పూ లేకపోయినా నక్షత్రాల వంటివాటితో ప్రత్యేకమైన ఫలితం చూపిస్తామన్న హామీని గూగుల్ ఇవ్వదు. స్థానిక ఫలితాలను అది వెతికినదానితో పొంతన, దూరం, జనంలో గుర్తింపు అనే మూడింటిని బట్టి నిర్ణయిస్తుంది. మనం చేసే పని ఏమిటో, ఎక్కడ చేస్తామో తికమక లేకుండా చెప్పి, మొదటిదానికి మాత్రమే మనం సాయపడగలం.

మొదటి ఆదివారం ఒక్క లైను కోడు కూడా రాయలేదు. సంస్థ పేరు సైటులో ఒక తీరుగా, గూగుల్ ప్రొఫైల్‌లో (గూగుల్ మ్యాపులో కనిపించే సంస్థ వివరాల్లో) మరో తీరుగా, విజిటింగ్ కార్డు మీద ఇంకో తీరుగా ఉంది. ఫోన్ నంబర్లు రెండున్నాయి; వాటిలో ఒకదాన్ని ఇప్పుడు మా అత్తగారు వాడుతున్నారు. అన్నీ ఒక్కటిగా తేల్చి మూడు చోట్లా సరిచేసేసరికి సాయంత్రమైంది.

రెండో ఆదివారం వ్యాపారపు రకం ఎంచుకోవడం దగ్గరే ఆగిపోయాను. ఆ పదజాలంలో ఎలక్ట్రీషియనుకు, ప్లంబరుకు, రంగులు వేసేవారికి, చివరికి తాళాలు బాగుచేసేవారికి కూడా విడివిడిగా రకాలున్నాయి గాని, ఇళ్ళ తనిఖీకి లేదు. దగ్గరగా ఉందని నేను జనరల్ కాంట్రాక్టర్ పెడితే అతను ఒప్పుకోలేదు. ఇల్లు కట్టేవాడు వేరు, కట్టినదాన్ని పరీక్షించేవాడు వేరు. ఇద్దరూ ఒకరేనన్న అనుమానం వస్తే ఈ వృత్తిలో రిపోర్టుకు విలువ ఉండదు. అతని మాటే సరైనది. ప్రొఫెషనల్ సర్వీస్ అనే రకాన్ని స్కీమా వారే పక్కన పెట్టేశారు. చివరికి లోకల్ బిజినెస్ కింద ఉండే హోమ్ అండ్ కన్‌స్ట్రక్షన్ బిజినెస్‌ను తీసుకుని, చెమ్మ పరీక్ష, కొనేముందు పూర్తి తనిఖీ, బిల్డరు నుంచి తాళాలు తీసుకునేముందు తనిఖీ అనే మూడింటిని సర్వీస్ రకం కింద విడిగా రాశాను. గూగుల్ లెక్కలో తప్పనిసరైనవి పేరు, చిరునామా రెండే. ఫోన్ నంబరు, పని వేళలు, అక్షాంశ రేఖాంశాలు ఉంటే మంచిది.

ఆ అక్షాంశ రేఖాంశాల దగ్గరే మూడో ఆదివారం పొరపాటు చేశాను. మన ప్రాంతం వాళ్ళెవరైనా ఇందులో పడే అవకాశం ఉంది కనుక వివరంగా రాస్తున్నాను. దశాంశ బిందువు తరువాత కనీసం ఐదు అంకెలు ఇవ్వాలని గూగుల్ అడుగుతుంది. నెల్లూరు అక్షాంశం దాదాపు 14.44, రేఖాంశం దాదాపు 79.98. నేను ఆ రెండింటినీ తారుమారు చేశాను. కోడును పరీక్షించే గూగుల్ పరికరం రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో పెడితే పచ్చ టిక్కు వచ్చింది; స్కీమా వారి పరీక్ష పరికరం స్కీమా వాలిడేటర్ కూడా ఏమీ అనలేదు. అక్షాంశం 90 దాటితే తప్పని పట్టుకోవడానికి వీలుంటుంది, మన 79.98 ఆ హద్దు లోపలే ఉంది. ఊరికే చూద్దామని ఆ అంకెలను మ్యాపులో వేస్తే, గుర్తు మినీ బైపాస్ మీద కాక, నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల అంచున సముద్రంలో వాలింది. "అక్కడ గోడలకు చెమ్మ ఉండదులే బావా, అంతా గడ్డకట్టే ఉంటుంది" అన్నాడు బావమరిది. అప్పటినుంచి పచ్చ టిక్కును వ్యాకరణం సరిపోయిందన్న మాటగానే తీసుకుంటున్నాను.

అదే రోజు ఇంకొక చిన్న చిక్కు వచ్చింది. వర్డ్ ఫైలులో దాచుకున్న కోడును కాపీ చేస్తే నిటారు కొటేషన్ గుర్తులు వంపు గుర్తులుగా మారి, మొత్తం ముక్కే చదవడానికి వీలుకాకుండా పోయింది. కోడును నోట్‌ప్యాడ్‌లోనే ఉంచుకోవాలి. వేళలను 24 గంటల లెక్కలో, సాయంత్రం ఆరు అంటే 18:00 అని రాయాలి.

నాలుగో ఆదివారం వాదనతోనే గడిచింది. ఫలితం కింద నక్షత్రాలు కనిపించాలని అతని కోరిక. తన సైటులో తన గురించి తానే పెట్టుకున్న రివ్యూలకు నక్షత్రాలు చూపడం గూగుల్ 2019 సెప్టెంబరులోనే మానేసింది. ఫలితం కిందే ప్రశ్నలు జవాబులు చూపడాన్ని 2023 ఆగస్టులో పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది. పేజీ సైటులో ఏ విభాగం కింద ఉందో చూపే బ్రెడ్‌క్రంబ్ రాశాను కాని, 2025 జనవరి నుంచి అది ఫోన్ ఫలితాల్లో కనిపించదు. మాకు వచ్చేవారంతా ఫోన్‌లోనే చూస్తారు. రివ్యూలు రాయమని అడిగితే గూగుల్ ప్రొఫైల్‌లో రాయమని అడగడమే మేలని ఒప్పించాను.

ఎక్కువ ప్రయోజనం, ఏ ఊళ్ళలో పని చేస్తామో చెప్పే ఏరియా సర్వ్డ్ అనే అంశం వల్ల కలిగింది, అది కూడా దొడ్డిదారిన. గూగుల్ లోకల్ బిజినెస్ జాబితాలో అసలు ఆ అంశమే లేదు. స్కీమాలో ఉంది కనుక నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు అని ఊళ్ళ పేర్లు రాశాను. జిల్లాల పేర్లు కావాలనే రాయలేదు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఊరి పేరుకు ఆ బెడద లేదు. అయితే కోడులో చెప్పినది పేజీ చదివేవారికి కూడా కనిపించాలన్నది గూగుల్ నియమం, మా సైటులోనేమో ఒంగోలు గురించి ఒక్క వాక్యమూ లేదు. అందుకని ఐదో ఆదివారం అతన్ని కూర్చోబెట్టి ఊరికొక పేజీ రాయించడం మొదలుపెట్టాను. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోవడం వల్ల పునాది కదిలి గోడల్లో ఏటవాలు పగుళ్ళు రావడం గురించి ఒంగోలు పేజీలోను, ఉప్పుగాలికి స్లాబులోని ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడడం గురించి నెల్లూరు పేజీలోను, తాను తీసిన ఫోటోలతో సహా రాశాడు. చెమ్మ మీటరును గోడకు అడుగు ఎత్తున ఒకసారి, నాలుగడుగుల ఎత్తున ఒకసారి పెట్టి, కింద ఎక్కువ చూపితే నేలనుంచి ఎక్కుతున్న చెమ్మగా అనుమానించాలని, పైన ఎక్కువ చూపితే పైపులోనో స్లాబులోనో వెతకాలని వివరించిన పేరా ఆ సైటులో మొట్టమొదటి పనికొచ్చే పేరా అని నా అభిప్రాయం.

ఏ మాటలు వెతికితే సైటు కనిపించిందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఇంతకుముందు సంస్థ పేరు తప్ప మరో మాట ఉండేది కాదు; ఈ వారం "గోడకు చెమ్మ ఎందుకు వస్తుంది" అనే తెలుగు ప్రశ్న కనిపించింది. కోడూ పేజీలూ ఒకే నెలలో చేశాను కనుక ఆ ఫలితాన్ని స్కీమా ఖాతాలో వేయడం న్యాయం కాదు. నా మొగ్గు పేజీల వైపే. కావలి పేజీ పూర్తయింది. కందుకూరు పేజీకి ఫోటోలు పంపుతానని అతను చెప్పి పది రోజులైంది. అవి వచ్చేవరకు ఆ ఊరి పేరును కోడులోనుంచి తీసేశాను.