లాగౌట్ నొక్కితే సర్వర్‌కు తెలుస్తోందా?

లాగౌట్ నొక్కగానే లాగిన్ పేజీ వచ్చేస్తే పని అయిపోయిందనుకుంటాం. నిజంగా అయిందో లేదో తేల్చుకోవడం తేలికే. లాగిన్ అయి, డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ప్రొఫైల్ రిక్వెస్ట్‌ను కర్ల్ (టెర్మినల్ నుంచి రిక్వెస్ట్ పంపే సాధనం) కమాండ్‌గా కాపీ చేసుకోండి. లాగౌట్ అయ్యాక అదే కమాండ్‌ను టెర్మినల్‌లో నడపండి. 401 (లాగిన్ అయి లేరు) వస్తే సరే. 200 (రిక్వెస్ట్ సఫలం) వచ్చి మీ వివరాలు కనబడ్డాయా, ఆ సెషన్, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారన్న సర్వర్ లెక్క, ఇంకా బతికే ఉంది. ఆ సెషన్‌కు గుర్తుగా బ్రౌజర్ దాచుకున్న కుకీ ఎవరికి చిక్కినా మీ పేరుతో లోపలికి వెళ్లిపోతారు.

ఎక్కువగా జరిగే తప్పు, బ్రౌజర్‌లో కుకీ చెరిపేసి సర్వర్‌లో సెషన్‌ను వదిలేయడం. ముందు రెడిస్ లాంటి స్టోర్‌లోనో డేటాబేస్‌లోనో ఉన్న సెషన్ రికార్డు పోవాలి, కుకీ సంగతి ఆ తర్వాత. అక్కడా ఓ చిక్కుంది. కుకీ పెట్టినప్పుడు ఇచ్చిన పాత్, డొమైన్‌లే చెరిపేటప్పుడూ ఇవ్వాలి. ఒక్కటి తేడా వచ్చినా బ్రౌజర్ దాన్ని వేరే కుకీ అనుకుంటుంది, పాతది అలాగే ఉండిపోతుంది. ఎర్రర్ కూడా రాదు.

జేడబ్ల్యూటీతో, అంటే యూజర్ వివరాలు, గడువు, సంతకం తనలోనే ఉండే టోకెన్‌తో, తలనొప్పి ఇంకోరకం. సంతకం, గడువు మాత్రమే సర్వర్ చూస్తుంటే లాగౌట్ అయిన సంగతి దానికి తెలిసే దారే లేదు. 24 గంటల టోకెన్ ఇచ్చి, బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లోంచి తీసేసి లాగౌట్ అనడం కంటితుడుపే. ప్రతి రిక్వెస్ట్‌తో వెళ్లే యాక్సెస్ టోకెన్‌కు 5 నుంచి 15 నిమిషాల గడువు పెట్టి, దాని గడువు తీరాక కొత్తది తెచ్చుకునే రిఫ్రెష్ టోకెన్‌ను సర్వర్‌లో నమోదు చేసి, లాగౌట్ కాగానే రద్దు చేయాలి. ఆ కాసేపు కూడా ఆగలేమంటే టోకెన్ ఐడీని నిషేధ జాబితాలో పెట్టి ప్రతి రిక్వెస్ట్‌కూ వెతకాలి. అంత చేసేకన్నా మామూలు అప్లికేషన్‌కు పాతకాలపు సెషన్ కుకీయే నయం.

బ్యాక్ నొక్కితే పాత పేజీ కనబడుతోందంటే ఆ పేజీలకు క్యాష్-కంట్రోల్ హెడర్‌లో నో-స్టోర్ (పేజీని దాచుకోవద్దన్న సూచన) లేదన్నమాట. లాగౌట్ రెస్పాన్స్‌లో క్లియర్-సైట్-డేటా హెడర్‌ను "storage" విలువతో పంపితే లోకల్ స్టోరేజ్ కూడా ఖాళీ అవుతుంది. కాకపోతే హెచ్‌టీటీపీఎస్ ఉండాలి, విలువలను డబుల్ కోట్స్‌లో రాయాలి.

లాగౌట్‌ను గెట్ లింక్‌గా పెట్టొద్దు, లింక్‌లను నొక్కకముందే తెచ్చిపెట్టుకునే (ప్రీఫెచ్ చేసే) బ్రౌజరే యూజర్‌ను బయటికి పంపేయొచ్చు. పోస్ట్ వాడి, వేరే సైట్ మీ పేరుతో రిక్వెస్ట్ పంపకుండా అడ్డుకునే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ జోడించండి.

అందరూ మరిచేది వెబ్‌సాకెట్, అంటే బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచే ఉండే కనెక్షన్. చాలాచోట్ల యూజర్ ఎవరో కనెక్షన్ తెరిచేటప్పుడే చూస్తారు, మళ్లీ అడగరు. ఒక ట్యాబ్‌లో లాగౌట్ అయినా ఇంకో ట్యాబ్‌లో మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. సెషన్‌ను తీసేసే కోడ్‌లోనే దాని తాలూకు సాకెట్లన్నీ మూసేయండి.