ఆదివారం పుస్తకానికి పక్షుల వ్యాసం రాస్తే నన్ను సైబీరియా పంపారు: నా అనుభవం

నా వ్యాసంలో పేపర్ వాళ్లు చేసిన తప్పుకి సవరణ నిన్ననే అచ్చయింది, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

ఒక పేపర్ వాళ్ల ఆదివారం పుస్తకానికి పక్షుల మీదా చెరువుల మీదా అప్పుడప్పుడూ రాస్తుంటాను. ఐడియా మెయిల్ చెయ్యడం, ఓకే అనిపించుకోవడం, టైప్ చేసి పంపడం ఈజీయే. డబ్బులు లేటుగా అయినా వస్తాయి. ఎడిటర్ కుర్రాడే గానీ పనిమంతుడు, నేను సాగదీసిన మొదటి వ్యాసాన్ని సగానికి కోసేస్తే ఒళ్లు మండింది, చదివాక మాత్రం బాగుందనే అనిపించింది.

గొడవంతా తేలినీలాపురం వ్యాసంతోనే. శ్రీకాకుళం జిల్లాలో మా టెక్కలి పక్కనే కదా, సెప్టెంబర్ నుంచి మార్చి దాకా అక్కడి చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఇవి మన దేశపు పక్షులేనయ్యా, నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంటాయి అని స్పష్టంగా రాశాను. ఆదివారం పేపర్ తీస్తే ఇంత లావు హెడ్డింగ్, "సైబీరియా అతిథులు"! లోపల నా పేరు కింద "వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి" అని నేను రాయని వాక్యం. పొద్దున్నే ఆ ఊరాయన ఫోన్, "ఏటి మాస్టారూ, మన పచ్చులకి సైబీరియాలో రేషన్ కార్డు రాయించీసేరేటి?" అని. పక్షులు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అయితే నా పేరు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి మరీ పెట్టారు, తలెత్తుకోలేకపోయా.

ఎడిటర్‌ని అడిగితే "డెస్క్‌లో మార్చారు మాస్టారూ, నెట్‌లో అంతా సైబీరియా అనే ఉంది, రీడర్‌కీ అదే కిక్కు" అంటాడు. నెట్‌లో ఉన్నదీ ఇలాంటి పేపర్లు రాసిందే కదా నాయనా! చలికాలం వలసొచ్చే పక్షి ఇక్కడికి తిండికి వస్తుంది, గుడ్లు తన చోటుకెళ్లే పెడుతుంది. ఇవి ఇక్కడే పిల్లల్ని పెంచుతున్నాయంటే ఇదే వాటి ఊరు. సైబీరియా కొంగ అని వేరే ఉంది, అది రాజస్థాన్‌లో భరత్‌పూర్‌కి వచ్చేది, 2002 తర్వాత అక్కడా కనపడలేదు. ఈ పాఠమంతా ఫోన్‌లోనే చెప్పా. ఫారిన్ అంటేనే గౌరవం అన్న జబ్బు మనుషుల విషయంలోనే అనుకున్నా, పక్షుల్నీ వదల్లేదు మనవాళ్లు.

ఆదివారం పుస్తకంలో సవరణలు వేసే అలవాటు లేదన్నాడు. అయితే ఇక నా పేరే వెయ్యొద్దన్నాను. అప్పుడు పజిల్ కింద రెండు లైన్లు వేశారు, భూతద్దం ఉన్నవాళ్లు చదువుకోవచ్చు.

రాసేవాళ్లకి చెప్పేదొకటే, మార్చకూడని వాక్యాలు మెయిల్ మొదట్లోనే విడిగా పెట్టండి, ఫొటో క్యాప్షన్లు కూడా మీరే రాయండి, డెస్క్‌కి వదిలేస్తే నీటికాకిని బాతు చేసేస్తారు. పేజీ పీడీఎఫ్ అచ్చుకి ముందే అడగండి, మొహమాటపడొద్దు.

ఇప్పుడు సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రం మీద రాయమంటున్నాడు ఎడిటర్, అక్కడా గూడబాతులే. పేజీ ముందు చూపిస్తేనే అన్నాను. "తప్పకుండా మాస్టారూ" అని, కాస్త ఆగి "హెడ్డింగ్ మాత్రం మాకొదిలెయ్యండి" అన్నాడు. ఇంకా సరే అనలేదు నేను.