అందరూ వచ్చారా? తిరుప్పావై 15వ పాశురం

గోదాదేవి తమిళంలో పాడిన తిరుప్పావైలో 30 పాశురాలు, అంటే పద్యాలు, ఉంటే, అందులో 10 తోటి పిల్లల్ని నిద్ర లేపడానికే సరిపోయాయి. 6వ పాశురం నుంచి 15 వరకు గోదమ్మ ఇంటింటి గుమ్మం దగ్గరే ఉంటుంది. స్వామి ఉండే నందగోపుడి ఇల్లు ఆ తర్వాతే. టీనేజ్ పిల్లలకు భక్తి ఎలా అలవాటు చేయాలని ఎవరైనా అడిగితే, ముందు ఈ పది చదవమంటాను.

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుభక్తుడు పెరియాళ్వారు పెంచుకున్న కూతురు గోదాదేవి. ఆమె కథనే రాయలవారు ఆముక్తమాల్యదగా మనకిచ్చారు. ఆ పిల్ల తనను కృష్ణుడి ఊరు రేపల్లెలో గొల్లపిల్లగా అనుకుని, ఈడుపిల్లలందరితో కలిసి నోము పట్టింది. ఆ పాశురాల్లో మాటలు వినండి. ఒకరిని "మామ కూతురా, తలుపు తియ్యవే" అంటారు. పలకకపోతే లోపలున్న అత్తను "మీ అమ్మాయి మూగదా, చెవిటిదా?" అని అడుగుతారు. ఇంకొకరిని, కుంభకర్ణుడు నీకు ఓడిపోయి తన నిద్ర ఇచ్చిపోయాడా అని ఆటపట్టిస్తారు. "నేనే వచ్చి మిమ్మల్ని లేపుతా" అని గొప్పలు చెప్పి పడుకున్న పిల్లనూ వదలరు. ఇంత అల్లరి మధ్యలోనే నారాయణ నామం వినిపిస్తూ ఉంటుంది.

15వ పాశురం పూర్తిగా సంభాషణే. "ఎల్లే ఇళంకిళియే (ఓ లేత చిలుకా), ఇంకా నిద్రేనా?" అంటే, లోపలి పిల్ల "అంత గట్టిగా అరవకండి, వస్తున్నా" అంటుంది. "నీ మాటల నేర్పు మాకు తెలుసులే" అంటే "నేర్పరులు మీరే... సరే, నేనే అనుకోండి" అంటుంది. ఈ ఒక్క మాటను పెద్దలు ఎంతో గొప్పగా చెప్తారు. తప్పు తనది కాకపోయినా తన మీద వేసుకుని గొడవ ఆపేసింది ఆ పిల్ల. తర్వాత "అందరూ వచ్చారా?" అని అడుగుతుంది. "వచ్చారు, నువ్వే వచ్చి లెక్కపెట్టుకో" అంటారు.

మనం మాత్రం పదహారేళ్ల పిల్లాడికి భక్తిని ఒంటరి పని చేసేశాం. ఇంటర్ పరీక్షల టెన్షన్‌లో ఒక్కడినే గుడికి తీసుకెళ్లి "మంచి మార్కులు రావాలని దండం పెట్టుకో" అంటాం. ఆ పిల్లాడు మార్కులు అడగడం తప్పని నేననను. గోద నోము కూడా 3వ పాశురంలో నెలకు మూడు వానలు అడుగుతూనే మొదలైంది. కానీ 29వ పాశురానికి వచ్చేసరికి, ఏడేడు జన్మలకూ నీవాళ్లమై నీకే సేవ చేయాలి, మిగతా కోరికలు నువ్వే మార్చు అంటుంది. కోరికే అలా మారింది. దారి పొడుగునా తోడుగా జట్టు ఉంది కాబట్టే అంత దూరం వెళ్లగలిగిందని నా నమ్మకం.

2వ పాశురంలో వాళ్లు పెట్టుకున్న నియమాలు కూడా చూడాలి. నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడవం. ఇవన్నీ ఒక ఎత్తు. ఒకరి మీద ఇంకొకరికి చాడీలు చెప్పం అన్నది ఇంకో ఎత్తు. ఆ వయసులో ఒక చాడీ ఎంత గాయం చేస్తుందో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. చన్నీళ్ల స్నానం కంటే ఈ నియమం కష్టం. పిల్లలు పెట్టుకోదగ్గ మొదటి నోము ఇదే.

ధనుర్మాసంలో తిరుమల కొండ మీద కూడా సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు. మీ ఊరి గుడిలోనూ ఈ నెలలో తెల్లవారుజామునే, రోజుకొకటి చొప్పున, పాశురాలు మొదలవుతాయి. పిల్లల్ని మీరు లేపకండి. వీధిలో ఉన్న నలుగురికీ ఒకరినొకరు లేపుకునే పని అప్పగించండి. ఫోన్ చేసుకుంటారో, గేటు కొడతారో వాళ్లిష్టం. 15వ పాశురాన్ని రెండు జట్లుగా విడిపోయి, బయటివాళ్లు, లోపలి పిల్లగా చదవమనండి. 27వ రోజు, కూడారై పాశురం నాడు, ప్రసాదం అందరూ ఒకేచోట కూర్చుని తిననివ్వండి. ఆ పాశురంలో గోద అడిగింది కూడా మోచేతి దాకా నెయ్యి కారే పాలన్నం, అదీ "కూడి ఇరుందు", అందరం కలిసి కూర్చుని.