‘ఊఁ’ మీద పీజీ

ఏం చదివావని ఎవరైనా అడిగితే నా కోర్సు పేరు చెప్పడానికే కాస్త ఊపిరి తీసుకోవాలి. భాష, సంస్కృతి, వేర్వేరు సంస్కృతుల మధ్య సంభాషణ. విన్నవాళ్లు వెంటనే, "అయితే జపాన్ వాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పు చూద్దాం" అంటారు. చెప్పలేను. చేరక ముందు అడిగి ఉంటే ధైర్యంగా ఏదో ఒకటి చెప్పేదాన్నే.

నేను చేరిందే అలాంటి జవాబుల కోసం. మొదటి సెమిస్టర్‌లో దొరికాయనే అనుకున్నాను. కొన్నిచోట్ల చెప్పదలచుకున్నదంతా మాటల్లోనే ఉంటుందనీ, కొన్నిచోట్ల సగం సందర్భానికే వదిలేస్తారనీ ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త ‘లో కాంటెక్స్ట్’, ‘హై కాంటెక్స్ట్’ అని విడదీశాడు. హాఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడైతే ఐబీఎమ్ ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలు పట్టుకుని 1980లో దేశదేశపు సంస్కృతికీ అంకెలు వేసి టేబుల్ ఇచ్చాడు. మార్కుల లిస్టు చూస్తూ పెరిగినదాన్ని కదా, ఆ టేబుల్ నాకు తెగ నచ్చేసింది. ఒక్క కంపెనీ ఉద్యోగుల్ని అడిగి దేశం మొత్తానికి మార్కులేమిటి అన్న అనుమానం అప్పటికి రాలేదు.

మొదటి వ్యాసంలో "ఫిన్లాండ్ వాళ్లు మౌనాన్ని ఇష్టపడతారు" అని రాశాను. మార్జిన్‌లో పెన్సిల్‌తో మూడు ముక్కలు: ఎవరు? ఎప్పుడు? చూశావా? మా బ్యాచ్‌లో ఫిన్లాండ్ అమ్మాయి ఒకత్తి ఉంది. ఆమె మాట్లాడటం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. రోజూ పక్కనే కూర్చుని కూడా ఆ వాక్యం ఎలా రాశానో ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా దారి మార్చింది గంపెర్జ్ అనే భాషాశాస్త్రవేత్త చెప్పిన ఒక చిన్న ఉదాహరణ. 1970లలో బ్రిటన్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్ క్యాంటీన్. వడ్డించే పనిలో కొత్తగా చేరిన భారత, పాకిస్తాన్ ఆడవాళ్లు దురుసుగా ఉంటున్నారని ఫిర్యాదులు. రికార్డు చేసి వింటే తేలిందేమిటంటే, మాంసం తీసుకున్నవాళ్లని గ్రేవీ కావాలా అని అడగాలి. ఇంగ్లీషు ఆవిడ అయితే "గ్రేవీ?" అని చివర్లో గొంతు లేపుతుంది. వీళ్లు గొంతు దించి "గ్రేవీ" అంటారు. వీళ్ల లెక్కలో అది మామూలుగా అడగడమే. వినేవాళ్లకు మాత్రం "ఇదిగో గ్రేవీ, తీసుకుంటే తీసుకో" అన్నట్టు వినిపించేది. ఒక్క మాట, దాని తోక పైకా కిందికా అన్నంత మాత్రానికే మనిషి పొగరుబోతు అయిపోయింది.

అందుకే నా థీసిస్‌కి దేశాలు వదిలేసి, ఇద్దరిద్దరు విద్యార్థులు కలిసి ప్రాజెక్టు పని మాట్లాడుకునే మీటింగులు తీసుకున్నాను. సంతకాలు తీసుకుని, పేర్లు మార్చి, రికార్డు చేసి, ఈలాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవాలి. మాటలొక్కటే రాస్తే చాలదు. సెకనులో పదో వంతు దాకా విరామాలు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట ఎక్కడ పడిందో, ఎక్కడ ఊపిరి పీల్చారో, అన్నీ. నలభై నిమిషాల టేపుకి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

ట్రయల్ రికార్డింగ్‌లో ఒక మనిషిని నేనే. రెండో మనిషిది ఏ దేశమో రాయను, రాస్తే మీరూ టేబుల్ గీసేస్తారు. ఆమె "మనం బహుశా ముందు..." అని 0.9 సెకన్లు ఆగింది. పది భాషల్లో అవును-కాదు ప్రశ్నలకు జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచి 2009లో ఒక పేపర్ వచ్చింది. సగటు సెకనులో ఐదో వంతే. ఆ లెక్కన 0.9 చాలా పొడుగు. ఆ ఖాళీలో నేను "ఊఁ" అన్నాను. ఆమె ఇంకో రెండు మాటలు అంది. నేను "ఆఁ ఆఁ" అన్నాను. కాసేపటికి ఆమె, "సరే, నువ్వే డిసైడ్ చెయ్యి" అంది. నాతో ఏకీభవించిందనుకుని అప్పట్లో సంతోషపడ్డాను.

టేపు ఆమెకే వినిపించి అడిగాను. "నువ్వు తొందరపెడుతూనే ఉన్నావు. ఇంక చాల్లే, ముగించు అన్నట్టు ఉంది" అంది.

నేను తొందరపెట్టడమా! ఊఁ కొట్టకపోతే కథ ముందుకు సాగని ఇంట్లో పెరిగాను. "వింటున్నావా, పడుకున్నావా?" అని కథ ఆపేసేవాళ్లు. ఊఁ అంటే చెప్పు, వింటున్నాను అని. జపనీస్‌లో దీనికి అయిజుచి అని పేరు కూడా ఉంది. ఇదంతా గైడ్ దగ్గర గడగడా చెప్పేస్తే ఆవిడ ఓపిగ్గా విని, "నువ్వు ఊఁ అనేది తెలుగు వల్లా, నువ్వు నువ్వైనందువల్లా?" అని అడిగారు. ఇంటికెళ్లి ఇద్దరు తెలుగు స్నేహితుల్ని గమనించాను. ఒకరు నాకు తగ్గ జోడీ. రెండోవాడు ఎంత చెప్పినా ఊఁ లేదు, ఆఁ లేదు, ఫోన్ కూడా చూడడు, అలా చూస్తూ కూర్చుంటాడు. థీసిస్‌లో ‘తెలుగువాళ్లు’ అని మొదలయ్యే వాక్యాలన్నీ కొట్టేసి, ‘ఈ రికార్డింగ్‌లో’ అని మొదలుపెట్టి తిరగరాశాను. పద్దెనిమిది పేజీలు తగ్గాయి.

చదువయ్యాక ఏం చేస్తారంటే, మావాళ్లలో కొందరు భాష నేర్పుతున్నారు, కొందరు అనువాదంలో ఉన్నారు. కార్పొరేట్ ట్రైనింగ్ ఇంటర్వ్యూకి నేనూ వెళ్లాను. అక్కడ నేర్పాల్సింది రెండు గంటల్లో ఒక దేశం, ఇరవై స్లైడ్లు. అందులో మళ్లీ అదే టేబుల్ కనబడింది.

వైవా ఆన్‌లైన్‌లో జరిగింది. ఈసారి నోరు అదుపులో పెట్టుకోవాలని గట్టిగా అనుకుని కూర్చున్నాను. ఎగ్జామినర్ నా రెండో చాప్టర్ మీద పొడుగాటి ప్రశ్న మొదలుపెట్టారు. ఒక్క చప్పుడు చెయ్యకుండా విన్నాను. సగంలో ఆగి, స్క్రీన్‌కి దగ్గరగా వంగి, "హలో? నా మాట వినిపిస్తోందా?" అన్నారు.

"ఊఁ" అన్నాను.