దేవమాలి కొండ మీద ఒక రాత్రి

ఫాల్గుణం చివర్లో కారు వెనుక, లోపల పడుకునే వీలున్న చిన్న ట్రైలర్ బండి తగిలించుకుని, బాబాయి కుటుంబంతో కలిసి రాయగడ నుంచి కొరాపుట్ జిల్లాలోని దేవమాలికి వెళ్లి వచ్చాము. 1,672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం అదే.

చదునైన చోట చూసుకుని, చక్రాల కింద రాళ్లు పెట్టి, జాకీతో బండిని సమం చేసేసరికి చీకటి పడింది. ఆ ఎత్తులో నీరు సుమారు 95 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, గిన్నెలో పెట్టిన అన్నం ఎంతకీ ఉడకలేదు. మూత మీద నీళ్ల చెంబు బరువు పెట్టి, పిన్ని ఎంతో ఓపికగా కాచుకుని కూర్చుంది. కింద ఎండలు ముదురుతున్నా, తెల్లవారుజామున కిటికీ అద్దానికి లోపలివైపు మా ఊపిరే చెమ్మగా పట్టి, బొట్లుబొట్లుగా జారుతూ ఉంది. ఆ చల్లదనాన్ని నేను మరచిపోలేను.

దిగేటప్పుడు ట్రైలర్ బరువు కారును ముందుకు నెడుతుంటే, "బ్రేకు మీదే కాలు ఉంచకు నాయనా, వేడెక్కిపోతుంది, రెండో గేరులో దిగు" అని బాబాయి పక్కనుండి చెబుతూనే ఉన్నాడు. కొండ దిగువన నీడ కోసం ఇప్పచెట్ల కింద ఆపబోయాము గానీ, అక్కడ స్త్రీలు రాలిన పూలను బుట్టల్లోకి ఏరుకుంటున్నారు. వారి సంవత్సరపు ఆదాయం మీద మా చక్రాలు ఎక్కించడం తప్పనిపించి, ఎండలోనే ఇంకొంత దూరం పోయి ఆపాము.