బుడగలు రాలేదు, అయినా పేగుకి చిల్లు పడింది

ఎండోమెట్రియోసిస్‌కి (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరిగే జబ్బు) లాప్రోస్కోపీ, అంటే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్, అయింది. దాని వెనకే ఇంకో ఆపరేషనూ అయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

స్కానింగులు, మత్తు డాక్టరు చెకప్, సంతకాలు అన్నీ సాఫీగానే జరిగాయి. గర్భసంచి వెనకవైపు పెద్దపేగుకి అతుక్కుపోయిందని ముందే తెలుసు. దాన్ని విడదీశాక సర్జన్ పేగుని పరీక్షించారు కూడా. పొత్తికడుపులో సెలైన్ నింపి, పైన పేగుని నొక్కిపట్టి, మలద్వారం నుంచి గాలి ఎక్కిస్తారు. చిల్లుంటే పంక్చరైన సైకిల్ ట్యూబుని నీళ్ళలో ముంచినట్టు బుడగలొస్తాయి. నాకు రాలేదు. హాయిగా ఇంటికొచ్చేశాం.

భుజం నొప్పి వచ్చింది, పోయింది. కడుపులో నింపిన గ్యాస్ వల్ల అది మామూలే. కడుపునొప్పి మాత్రం కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎక్కువైంది. పొట్ట బిగుసుకుపోయింది, గాలి పోవట్లేదు, ఒకటే దడ. ఎమర్జెన్సీకి వెళ్తే డ్యూటీ డాక్టరు నా పొట్ట మీద చెయ్యైనా వెయ్యలేదు. "గ్యాసమ్మా, నడవండి, అదే పోతుంది" అన్నాడు. జ్వరం లేదు, తెల్లకణాలు నార్మల్, ఇంకేం కావాలన్నట్టు చూశాడు. నేను మళ్ళీ చెప్పబోతే మా ఆయన వైపు తిరిగి, "మేడమ్‌కి ఓర్పు కాస్త తక్కువలా ఉంది" అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ నెలసరి నొప్పితోనే ఉద్యోగం చేసినదాన్ని నేను! అందరి ముందూ ఏడుపొచ్చేసింది. ఆడవాళ్ళ కడుపునొప్పికి సగం మంది డాక్టర్ల దగ్గర ఉన్న మందు ఈ ఉపన్యాసమే.

కాపాడింది నర్సమ్మ. నాడి 120 దాటిందని చూసి, అతన్ని అడక్కుండా నేరుగా సర్జన్‌కి ఫోన్ చేసింది. సీటీలో పేగు లీకవుతున్నట్టు తేలింది. కోసేటప్పుడు వాడే కరెంటు వేడికి పేగు గోడ కమిలితే ఆ రోజు చిల్లుండదట. చచ్చిన కండ తర్వాత ఊడుతుంది, చాలాసార్లు 4 నుంచి 10 రోజుల మధ్య. అందుకే బుడగల పరీక్షకి దొరకదు. జ్వరం, తెల్లకణాలు మొదట్లో మామూలుగానే ఉండొచ్చని కూడా సర్జనే చెప్పారు.

లాప్రోస్కోపీ నొప్పి రోజురోజుకీ తగ్గాలి. పెరిగిందా, గ్యాస్ అంటే కదలకండి, సీటీ తీసేదాకా అక్కడే కూర్చోండి. డిశ్చార్జి కాగితం మీద సర్జన్ నంబరు రాయించుకోండి, రిసెప్షన్ నంబరు కాదు.

ప్రస్తుతం మలం బయటికి పోవడానికి పొట్టకి సంచీ ఉంది, తాత్కాలికమే. తీసేముందు పేగు కుట్లు మానాయో లేదో ఎనిమాలా మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారట. ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో కనుక్కునే వెళ్తా.